సుంకమ్మ సగం ధర ఇల్లు

ఇటు తిరిగి పడుకో తల్లీ, చెబుతాను. అనగనగా, తవ్వితే చాలు సున్నపురాయి తగిలే నేల మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో ఓబులమ్మ అని ఒకావిడ బొంతలు కుట్టేది. ఆవిడ మొగుడు గంగన్న రాళ్ళ గనిలో పనిచేసేవాడు. వాళ్ళకి ఏడాది నిండని పాప. ముగ్గురికీ ఒకటే అద్దె గది. వాన పడితే చాలు, పాపని చంకనేసుకుని కారని మూల కోసం వెతుక్కునేది ఓబులమ్మ.

అప్పుడు ఒకరోజు గంగన్న పరుగున వచ్చాడు. "పడమటి వీధిలో సుంకమ్మ ఇల్లు అమ్ముతోందంట. సగం ధరకే ఇస్తానంటోంది!"

సుంకమ్మ మొగుడు పోయిన మనిషి. ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది.

మొదటిసారి ఓబులమ్మ ఇల్లు చూడ్డానికి వెళ్ళింది. రెండు గదులు, వసారా, పెరట్లో కాయలతో వంగిన జామచెట్టు. ఉయ్యాల ఏ దూలానికి కట్టాలో అప్పుడే అనేసుకుంది. "ఇంత మంచి ఇల్లు సగానికే ఎందుకిస్తున్నావక్కా?" అని అడిగింది. "ఒక్కదాన్నే కదమ్మా, నాకెందుకింత ఇల్లు" అంది సుంకమ్మ. మొహంలోకి మాత్రం చూడలేదు.

ఆ తర్వాత రెండోసారి వెళ్ళింది. పెరటి గోడ అవతలికి తొంగి చూస్తే, పొలంలో నూతి నోరంత గుండ్రటి గొయ్యి. గేదెలు మేపుతున్న ముసలాయన చెప్పాడు. "ఎవరూ తవ్వింది కాదమ్మా. పోయిన వానాకాలం ఒకనాడు పొద్దున్నే చూస్తే నా గడ్డివామి లేదు. లోపల రాయి కరిగి డొల్ల పడిందంట. ఆ డొల్ల ఎటు పాకుతోందో ఎవరికి తెలుసు?" ఓబులమ్మకి కాళ్ళ కింద నేల మెత్తబడినట్టు అనిపించింది. మెత్తబడలేదు. అయినా అనిపించింది.

ఇంటికొచ్చి చెబితే గంగన్న కొట్టిపారేశాడు. "ఆ గొయ్యి వేరు, ఈ ఇల్లు వేరు. ఇంత చవగ్గా మళ్ళీ దొరుకుతుందా?" ఆ మాటా నిజమే. కొందామంటే భయం, వద్దనుకుంటే దిగులు. ఓబులమ్మకి అన్నం సహించలేదు.

అప్పుడు మూడోసారి, పాపని చంకనేసుకుని వెళ్ళింది. వంటింటి తలుపు వెయ్యబోతే పడలేదు. గడప ఒక పక్కకి ఒరిగింది. గోడకి ఒకచోట కొత్త సున్నం పూసుంది. గోటితో గీకి చూసింది. కింద వేలు పట్టేంత పగులు.

"అక్కా, ఈ గోడ పక్కన నా బిడ్డని పడుకోబెట్టమంటావా? నువ్వు చెప్పు, అలాగే చేస్తాను."

సుంకమ్మ పాప వైపు చూసింది. పాప బోసినోటితో నవ్వింది. అంతే, సుంకమ్మ కూలబడి ఏడ్చేసింది. "వద్దమ్మా, కొనొద్దు. నాకు కంటి మీద కునుకు లేక ఏడాదైంది. ఏ చప్పుడైనా నేల విరిగినట్టే ఉంటుంది. ఎవరికో ఒకరికి అంటగట్టి పారిపోదామనుకున్నాను."

ఓబులమ్మకి ఒళ్ళు మండింది. విసురుగా వాకిలి దాకా వచ్చేసింది. కానీ వెనక ఆ మనిషి ఒక్కతే ఆ గోడల మధ్య. ఇక అడుగు పడలేదు. "లే అక్కా, బట్టలు మూట కట్టుకో. మా గది ఇరుకే, కారుతుంది కూడా. నేల మాత్రం గట్టిది" అంది.

గంగన్న కాసేపు గొణిగాడు. తర్వాత ఇంకో చాప పరిచాడు.

ఆ తర్వాత వానలు మొదలయ్యాయి. మొదటి వానకి ఆ ఇల్లు నిలబడింది. "బంగారంలాంటి బేరం చెడగొట్టుకున్నావు" అని ఊరు నవ్వింది. రెండో వానకీ నిలబడింది. తప్పు చేశానేమో అని ఓబులమ్మకే అనుమానం వచ్చింది. సుంకమ్మ మూట పట్టుకుని లేచింది. "నా ఇంటికి నేను పోతానమ్మా, మీకెన్నాళ్ళు బరువవుతాను?" ఓబులమ్మ ఆ మూట లాక్కుని దాని మీదే కూర్చుంది. "వానాకాలం పోనీ అక్కా" అంది.

మూడో వాన మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు పొద్దున, ఎండ కాస్తుండగా, ధబ్బుమని ఊరంతా అదిరింది. అందరూ పడమటి వీధికి పరిగెత్తారు. ఇల్లు లేదు. చెట్టు లేదు. పెద్ద గొయ్యి, అడుగున ఎర్రటి నీళ్ళు.

సుంకమ్మ దూరంగా నిలబడి ఆ గొయ్యి వైపే చూసింది. "ఇవాళ మీరెవరూ లేవకముందే నా ఇంటికి వచ్చేద్దామనుకున్నాను" అంది. "మరి రాలేదేం అక్కా?" అని అడిగింది ఓబులమ్మ.

"పాప నా కొంగు పట్టుకుని నిద్రపోతోంది. లాగితే లేస్తుందని ఆగాను."

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో కంటి దారి పట్టింది.
కళ్ళు మూసుకో తల్లీ.