వైపర్లు మార్చిన కారు

సాలూరులో దూసి సోమనాథశాస్త్రిగారి వేదాంత పాఠానికి ఒక అలవాటు ఉండేది. శ్లోకం చదివి అర్థం చెప్పిన తరువాత ఆయన కొంతసేపు ఏమీ మాట్లాడేవారు కాదు. ఎదుట కూర్చున్నవారూ మాట్లాడకూడదు. ఆ మౌనానికి ఒకప్పుడు కారణం ఉండేది. శాస్త్రిగారి గురువుల ఇంట గ్రంథం ఒక్కటే ప్రతి. శ్లోకం అయ్యాక ఆ పుస్తకం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి నడిచి, అందరూ అక్షరాలను కళ్లారా చూసుకున్నాక తిరిగి గురువు ఒడికి చేరేది. ఇప్పుడు ప్రతివారి ఒడిలోనూ అచ్చుపుస్తకం ఉంది. తిరగవలసిన పుస్తకం లేదు గాని, అది తిరిగివచ్చేటంత వ్యవధి మాత్రం పాఠంలో మిగిలిపోయింది.

ఆ వ్యవధే వారిజకు చిక్కు తెచ్చిపెట్టింది. ఆవిడ నలభై దాటిన బడిపంతులమ్మ. శాస్త్రిగారి శిష్యులలో అందరికన్నా పాతది. గొంతు సహకరించక, వచ్చే నెల నుంచి పాఠం నువ్వే చెప్పాలమ్మా అని ఆయన ఆవిడకు అప్పగించారు. వినడానికి వచ్చేవారంతా ఉద్యోగస్తులు, తెల్లవారగానే వచ్చి, అటు నుంచి అటే పనుల్లోకి పరుగెత్తేవారు. "మీరైనా ఆ మౌనం ఎత్తేయండి మేడమ్. ఈ నడకన గ్రంథం మా మనవల కాలానికి పూర్తవుతుంది. ఇలాగే అయితే మేం రాలేం" అని వాళ్లు ముందే తెగేసి చెప్పారు. ఇద్దరు మానేశారు కూడా. గురువు కూర్చిన సభ తన చేతికి వస్తూనే చెదిరిపోతుందేమోనని ఆవిడకు ఒక బెంగ. గురువు ఉంచినదాన్ని తాను తీసేయడమా అని మరొక బెంగ.

చివరకు ధైర్యం చేసి అడిగింది. "గురువుగారూ, కారణం పోయాక ఆచారం మాత్రం ఎందుకండీ? పుస్తకమే తిరగనప్పుడు ఆ మౌనం దేనికి?"

శాస్త్రిగారు వాదించే మనిషి కాదు. "రేపు పొట్టంగి వెళ్తున్నాను. నువ్వూ రామ్మా. మరమ్మతుకిచ్చిన కారు ఎలా కుదిరిందో చూద్దువు గాని" అన్నారు.

ఆ కారు ఆయనకు మేనమామ నుంచి సంక్రమించిన పాత విలాయతీ బండి. పొట్టంగిలో మంచం పట్టిన సహాధ్యాయికి నాలుగు శ్లోకాలు వినిపించి రావడానికి ఆయన వారం వారం దానిలోనే సుంకి ఘాటు కొండదారి ఎక్కేవారు. దాని వైపర్లు కరెంటుతో పనిచేసేవి కావు. ఇంజను గాలిని పీల్చుకునే బలంతో ఆడేవి. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు తొక్కితే ఆ పీల్పు సన్నగిల్లి, వైపర్లు అద్దం నడుమ చతికిలబడేవి. కాలు కాస్త తీస్తే మళ్లీ లేచి తుడిచేవి. వానాకాలమంతా శాస్త్రిగారి ప్రయాణం అలాగే సాగేది. కొంత ఎక్కడం, కాలు తీసి దారి చూసుకోవడం, మళ్లీ ఎక్కడం. ఈ అవస్థ చూడలేక వారిజే మెకానిక్ అప్పలకొండను పిలిపించి కరెంటు వైపర్లు పెట్టమంది. శాస్త్రిగారు కాదనలేదు. ఒక్కటే కోరారు: "వైపర్లు తిప్పే పాత నాబు ఉన్నచోటనే ఉండాలి నాయనా, తిరిగే వైపుకే తిరగాలి. వానలో నేను దాన్ని వెతుక్కోకూడదు."

అప్పలకొండ మోటారును డ్యాష్‌బోర్డు వెనుక కంటికి కనబడకుండా బిగించి, ఆ నల్లని నాబుకే కొత్త స్విచ్చి కలిపాడు. మర్నాడు ప్రయాణానికి ముందు బండి అప్పగిస్తూ, "సూసుకోండి పంతులుగారూ! రూపు పాతదే, పేనం కొత్తది. మా ఇంటిది నన్నుకూడా ఇలాగే సేయించుకొమ్మంతాది. సరిపడే మోటారే దొరకట్నేదు" అన్నాడు. శాస్త్రిగారు నవ్వి, స్టీరింగు ముందు కూర్చుని, కళ్లు వీధి మీదనే ఉంచి చేయి చాచారు. చేయి తిన్నగా నాబు మీదనే వాలింది.

ఘాటు మొదట్లోనే వాన పట్టుకుంది. వైపర్లు అలుపు లేకుండా ఆడుతున్నాయి. వారిజ మనసు తేలికపడింది. అయితే ప్రతి మలుపులోనూ శాస్త్రిగారి కాలు వెనక్కి వస్తోంది, బండి నెమ్మదిస్తోంది. వెనుక ఒక లారీ హారను మోగించి మోగించి, దారి కాస్త వెడల్పయిన చోట ముందుకు దూసుకుపోయింది. క్లీనరు తల బయటపెట్టి, "ఏటి తాతా, కారు తోల్తన్నావా, ఊరేగిస్తన్నావా?" అని అరిచాడు.

వారిజకు నవ్వూ సిగ్గూ ఒక్కసారే వచ్చాయి. "ఇక కాలు తీయనక్కర్లేదండీ. తొక్కినా వైపర్లు ఆగవు" అంది.

"అవును సుమా! మరిచేపోయాను."

తరువాతి రెండు మలుపులూ ఆయన కాలు తీయకుండానే ఎక్కారు. బండి హాయిగా సాగింది. తన పూనికతో అంత నిర్మలంగా మారిన అద్దాన్ని చూసుకుని వారిజ మురిసిపోయింది.

మూడో మలుపులో ఆయన కాలు మళ్లీ తీశారు. అప్పుడు కనిపించారు, కొండవార ఆకుగొడుగుల కింద ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల ముందు రోడ్డు గుంతలో ఎర్రనీరు నిండి ఉంది. లారీ చిమ్మిన బురద ఒకామె చీర మీద ఇంకా జారుతోంది. రెండో ఆమె కారును చూడగానే వీపు ఇటు తిప్పి, చంకలోని అల్లం బుట్టను గుండెకు హత్తుకుంది. కారు గుంతలోకి దిగి, నీటిని కదిపీ కదపనట్టు దాటింది. ఆమె వెనుదిరిగి చూసి, బుట్టను మళ్లీ చంకకు మార్చుకుని, పక్కామెతో ఏదో అని నవ్వింది.

"వాళ్లను ముందే చూశారా అండీ?" అని అడిగింది వారిజ.

"లేదమ్మా. కాలు తీశాక కనిపించారు." బండిని మళ్లీ ఎత్తు ఎక్కిస్తూ ఆయన అన్నారు, "ఇన్నేళ్లూ ఆ వైపర్ల కోసమే తీస్తున్నాననుకున్నాను."

ఘాటు పైకి చేరేసరికి వాన వెలిసింది. వారిజ ఉండబట్టలేకపోయింది. నెల మొదలు దగ్గరపడుతోంది. పాఠానికి వచ్చేవాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి. "గురువుగారూ, పాఠం సంగతి మీరు తేల్చనే లేదు. ఆ మౌనం ఉంచమంటారా, తీసేయమంటారా?"

శాస్త్రిగారు నాబు తిప్పి వైపర్లను ఆపారు.

"తీసి చూడమ్మా" అన్నారు. "నేనూ రెండు మలుపులు కాలు తీయకుండా తోలి చూశానుగా."