తాడు కట్టి దాచిన కవిత

లియోనాకి అక్షరాలు చాల్లేదు.

మాటలు చాల్లేదంటే సరేగానీ, అక్షరాలు చాలకపోవడమేమిటి అంటారేమో. ఇది కంప్యూటర్లు రాకముందు సంగతండీ. అప్పట్లో అచ్చంటే సీసపు అక్షరాలు. ఒక్కొక్కటే ఏరి, వరసగా పేర్చి, సిరా పూసి, కాగితం మీద అద్దాలి. పెట్టెలో ఎన్ని అక్షరాలుంటే అంతవరకే కవిత్వం! అందులోనూ ఇంగ్లీషుకి ‘ఈ’ అనే అక్షరం కూరలో ఉప్పులాంటిది. అది పడకుండా వాక్యం తయారవదు. అక్షరాల పెట్టెలో సరిగ్గా దాని గడే ఖాళీ అయి కూర్చుంది.

ఇదంతా జరిగింది అమెరికాలో, ఒహాయో నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో. అక్కడ సైలస్ ఓడెల్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. కవి, విమర్శకుడు, పైగా పత్రిక సంపాదకుడు. పత్రిక పేరు మన భాషలో చెప్పుకుంటే ‘పెరటి గుమ్మం’. ఇంటి వెనక షెడ్డులో ఆయనే అక్షరాలు పేర్చి, ఆయనే అచ్చు వేసేవాడు.

విమర్శ రాశాడంటే మాత్రం కత్తే. ఒక పేరున్న కవి లావుపాటి పుస్తకం పంపిస్తే, “బరువు బాగుంది. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను” అని రాసి ఊరుకున్నాడు. అదే మనిషి, పేరూ ఊరూ తెలియనివాళ్ళు కవిత పంపిస్తే కళ్ళజోడు తుడుచుకుని మరీ రెండోసారి చదివేవాడు. ప్రతి సంచికలోనూ మొదటి పేజీ అలాంటి కొత్తవాళ్ళకే.

ఆయన శిష్యురాలు లియోనా. కవిత్వం నేర్చుకుందామని వచ్చి, చేతులకి సిరా అంటించుకుని అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు మాస్టారికి చేతులు వణుకుతున్నాయి.

“ఈ సంచిక నువ్వే తేవాలి. నేను కుర్చీలో కూచుని చూస్తాను,” అన్నాడు.

తెస్తే పత్రిక ఆమెది. తేలేకపోతే అది ఆయనతోనే సరి.

లోపలి పేజీలన్నీ అయ్యాయి. మొదటి పేజీ ఒక్కటే మిగిలింది. పెర్ల్ హచిన్స్ అని ఒక ఆసుపత్రి నర్సు పంపిన కవిత అది. ఇవాళో రేపో పోయే ఒక ముసలాయనకి గడ్డం గీయడం గురించి. దాన్ని ఏరింది లియోనాయే. చదివి ఏడ్చింది కూడా. సగం పేర్చేసరికి అక్షరాలు అయిపోయాయి. కొత్తవి తెప్పిద్దామంటే పోత పోసే కంపెనీ ఎప్పుడో మూతపడింది.

నిజానికి అక్షరాలు లేక కాదు. గోడవారన బల్ల మీద, తెల్లగుడ్డ కింద, గట్టిగా తాడు చుట్టుకుని బోలెడున్నాయి. పోయిన సంచికలో వచ్చిన మాస్టారి కవిత అది, పేర్చింది పేర్చినట్టే ఉంది. అదే తన ఆఖరి కవితని ఆయనే చెప్పాడు. చదివినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు రాశారు.

ఆ షెడ్డులో ఒక రివాజు ఉంది. అచ్చయిన మర్నాడే కట్టు విప్పి, ఏ అక్షరాన్ని ఆ అక్షరం గడిలో వేసేయాలి. భార్య పోయినప్పుడు రాసుకున్న కవితనైనా ఆయన అలాగే విప్పేశాడు. దీన్ని మాత్రం లియోనా విప్పలేదు. అడిగితే విప్పేశానంది. అంతటితో ఆగలేదు, పక్కఊరి కాలేజీ లైబ్రరీకి కబురు పెట్టింది. అద్దాల పెట్టెలో శాశ్వతంగా ఉంచుతామన్నారు వాళ్ళు. ఆ మధ్యాహ్నమే బండి పంపిస్తున్నారు.

“మాస్టారూ, పెర్ల్ కవిత వచ్చే సంచికకి ఉంచుదామా?”

“ఏం, బాగాలేదా?”

“బాగుంది. అక్షరాలు చాల్లేదు.”

“నన్నూ అలాగే వచ్చే సంచికకి ఉంచారు. ఉంచగా ఉంచగా నెత్తి నెరిసింది.” ఆయన కర్ర అందుకుని లేచాడు. “అన్నీ అయిపోయాయా?”

లియోనా కళ్ళు బల్లవైపు వెళ్ళి వచ్చాయి. అబద్ధమాడటం వచ్చుగానీ దాచడం రాదు ఆ పిల్లకి.

ఆయన వెళ్ళి గుడ్డ తీశాడు. భోజనమయ్యాక కూడా లేవని చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

“ఓహో, ఈయన ఇంకా వెళ్ళలేదా?”

“ముట్టుకోకండి!” లియోనా అడ్డం వచ్చి నిలబడింది. “మీ విలువ మీకు తెలీదు. రేపు మీరు లేకపోతే నాకేం మిగులుతుంది? ఇది ఉండాలి.”

“పత్రికలో ఉందిగా.”

“కాగితం చిరిగిపోతుంది. సీసం చిరగదు.”

“ఎవరూ చదవరు కూడా.”

“కాలేజీవాళ్ళకి మాటిచ్చాను మాస్టారూ!”

“మరి పెర్ల్‌కి ఏమని రాశావు?”

లియోనా గొంతు తగ్గింది. “మొదటి పేజీ నీదేనని.”

ఆయన తాడు ముడి విప్పాడు. స్పాంజి తడిపి, అక్షరాలు చెదిరిపోకుండా వాటి మీద నీళ్ళు పిండాడు. పై పాదం చేతిలోకి తీసుకుని ఒక్కొక్క అక్షరమే గళ్ళలో వేయడం మొదలుపెట్టాడు. ఒకటి పక్క గడిలో పడింది. ఇంకొకటి నేల మీద.

“నా చెయ్యి నా మాట వినడంలేదు అమ్మాయ్. ఒకదాని గడిలో ఒకటి పడితే, పాపం పెర్ల్ ముసలాయన సగం గడ్డంతోనే పోతాడు. నువ్వు కానీ.”

“నేనా? నా చేత్తోనా?”

“సంపాదకురాలివి నువ్వేగా.”

వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. బతిమాలలేదు, కోప్పడలేదు. పాత పత్రిక తీసుకుని తిరగేస్తున్నాడు.

లియోనా నిలబడే ఉంది. తాడు వంక చూసింది. మళ్ళీ కట్టేయొచ్చు. పోయింది ఒక్క పాదమే, అది తనకి కంఠతా వచ్చు, పేర్చేయగలదు. సగంలో ఆగిన పెర్ల్ కవిత వంక చూసింది.

ముక్కు తుడుచుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, రెండో పాదం ఎత్తింది.

టిక్, టిక్ అని అక్షరాలు గళ్ళలో పడుతున్నాయి. ‘అమ్మ’ అన్న మాట దగ్గర చెయ్యి ఆగింది. మాస్టారు తల తిప్పలేదు. కాసేపటికి మళ్ళీ టిక్ అని వినిపించింది. కవిత సగానికి వచ్చేసరికి ఆమె పెదవులు కదులుతున్నాయి. గొణుక్కుంటున్నది మాత్రం మాస్టారి పాదాలు కాదు. పెర్ల్ కవితకి ఇంకా ఏమేం కావాలో లెక్క చూసుకుంటోంది.

మధ్యాహ్నం అన్నట్టే బండి వచ్చింది. టై కట్టుకున్న లైబ్రరీ పెద్దమనిషి దిగాడు. వెనకాల ఇద్దరు, లోపల మెత్తటి గుడ్డ పరిచిన చెక్కపెట్టె మోసుకొచ్చారు. షెడ్డంతా చూశాడాయన. బల్ల ఖాళీగా ఉంది. మాస్టారు కుర్చీలో కళ్ళు మూసుకున్నాడు. నిద్రో నటనో ఆయనకే తెలియాలి.

“అమ్మా, ఓడెల్ గారి కవిత ఎక్కడుందండీ?”

లియోనా తలెత్తలేదు. పెర్ల్ చివరి పాదంలో ఇంకో అక్షరం ఏరి పేర్చింది.

“పనిలో ఉందండీ.”