బొట్టు పెట్టే చెయ్యి

వెన్నెలదుర్గం రాజు పోగానే కొడుకులిద్దరూ గద్దె కోసం ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. రాజ్యం వల్లకాడైంది. చివరికి పెద్దవాడు రణధీరుడు గెలిచి తమ్ముణ్ణి చెరలో వేశాడు. ముందు వాడి తల తీయించి, ఆ వెంటనే పట్టం కట్టుకుందామనుకున్నాడు.

అక్కడొక ఆచారం ఉంది. చేతికందిన కొడుకులుండి, కడుపుకోత ఎరగని తల్లే రాజుకి పట్టాభిషేకం నాడూ, ఆపైన ఏటా దసరాకీ బొట్టు పెట్టాలి. పెట్టకపోతే రాజు గద్దె దిగాల్సిందే. భటులు ఊరూరా వెతికినా అలాంటి తల్లి దొరకలేదు. చివరికి మంత్రసాని నూకాలును పిలిపించారు.

"అందరికీ పురుళ్లు పోసినదానివి. అలాంటి తల్లిని చూపించకపోతే నీ తల ఎగిరిపోతుంది" అన్నాడు రణధీరుడు.

"ఒక్కరే మిగిలారు దొరా, మీ అమ్మగారు. రేపు తమ్ముడుగారి తల తీయించారంటే ఆవిడా మిగలరు. ఇక మీకు బొట్టు పెట్టే చెయ్యే ఉండదు."

రణధీరుడు పళ్లు నూరాడు. "నీకు కొడుకులు లేరా?"

"ఉండేవారు దొరా. ఒకడు మీ వైపు పోరాడి పోయాడు, ఒకడు ఆయన వైపు."

గద్దె మీద ఆశతో రణధీరుడు తమ్ముడి సంకెళ్లు విప్పించాడు. పట్టాభిషేకం నాడు రాజమాత బొట్టు పెట్టి, కొడుకులిద్దరికీ పక్కపక్కనే విస్తళ్లు వేసి వడ్డించింది.

ఆ మరుసటి ఏడంతా పురుడు పొయ్యమని నూకాలుకి ఏ ఇంటి నుంచీ కబురు రాలేదు. ఇళ్లల్లో కోడళ్లున్నారు గానీ, వాళ్ల మొగుళ్లు లేరు.