వీరభద్రుడి కోరలు తోమిన పిల్ల

ప్రశ్న అడిగినవాడికి రాచయ్యగారు సూటిగా జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. ఏదో ఒక పని పురమాయించేవారు. వీరభద్రస్వామి గుడిలో నలభై ఏళ్లుగా అర్చన చేస్తున్న ఆయన దగ్గర విద్య నేర్చుకోవడమంటే సగం రోజు రాగిచెంబులు తోమడమేనని శిష్యుడు గురులింగం నవ్వుతూ చెప్పుకునేవాడు. ఏటా జరిగే స్వామివారి సంబరానికి ముందురోజు పొద్దున మాత్రం అతని ముఖంలో ఆ నవ్వు లేదు.

సంబరంనాడు అర్చకుల ఇంటి ఆడపిల్ల స్వామి ముందు తొలి జ్యోతి పట్టాలి. అది ఆ గుడి ఆనవాయితీ. కిందటేడు గురులింగం కూతురు బసవమ్మ, అప్పటికి నాలుగేళ్ల పిల్ల, స్వామికి తొడిగిన వెండిముఖం చూసి కెవ్వుమని జ్యోతి కింద పడేసింది. అప్పటినుంచి గుడి గడప తొక్కితే ఒట్టు! ఈ ఏడూ పట్టకపోతే ఆ జ్యోతి వేరే ఇంటికి పోతుంది. అదొక్కటేనా? తాను రోజూ కొలిచే దేవుణ్ణి చూసి కన్నబిడ్డ వణికిపోతుంటే ఆ తండ్రికి అన్నం సయించడం లేదు.

"గురువుగారూ, కాపాడే దేవుడికి ఈ మిడిగుడ్లెందుకు, ఈ కోరలెందుకు? కంసాలి వీరాచారిని రమ్మన్నాను. మీరు ఊ అంటే ఆ కోరలు కాస్త అరగదీయిస్తాను."

రాచయ్యగారు ఊ అనలేదు, ఊహూ అనలేదు. "ముందు ముఖం తోమాలిగా! మా ఇంటి పెరట్లోకి పట్టించి చింతపండు నానబెట్టు. నీ కూతుర్ని నేను పిలుచుకొస్తా," అన్నారు.

పిల్ల వచ్చింది గానీ తండ్రి పంచె వదలదు. నాగపడగలతో సహా తనంత ఎత్తున్న వెండిముఖం పీట మీద వెల్లకిలా పడుకుని ఉంది.

"చూశావటే అమ్మడూ," అన్నారు రాచయ్యగారు దిగులుగా. "ఈయన ఏడాదిగా పళ్లు తోముకోలేదు. తోముదామంటే నాకా నడుం వంగదు."

ఏడాదే! వాళ్లమ్మ ఒక్కపూట ఊరుకోదు కదా! బసవమ్మ "ఛీ" అంది. చింతపండు గుజ్జు పిడికెడు తీసుకుంది. ఇక చూడాలి ఆ సంబడం! "కదలకు. ఇంకా అవలేదు. ఎంత పాచి పట్టిందో చూడు," అని అచ్చం వాళ్లమ్మలా గదమాయిస్తుంటే, దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసిన ఆ మహావీరుడు కిక్కురుమనకుండా పళ్లు తోమించుకున్నాడు. గురులింగం పొట్ట పట్టుకుని నవ్వాడు.

తీరా కడిగి, ఆరడానికి గోడకు ఏటవాలుగా ఆనించి నిలబెట్టేసరికి ఆ మిడిగుడ్లు ఎదురుపడ్డాయి. పిల్ల మళ్లీ బిగుసుకుపోయింది. గురులింగం నవ్వూ ఆగిపోయింది.

అంతలో ప్రసాదానికి తెచ్చిన కొబ్బరిచిప్పల కోసం ఒక గండుకోతి గోడమీంచి దూకి, తండ్రికీ పిల్లకీ నడుమ పళ్లు ఇకిలిస్తూ నిలబడింది. "అమ్మో, నా తల్లీ!" అని గురులింగం అడుగు వేసేలోపే కోతి పిల్లమీదికి గుర్రుమంది. బసవమ్మ ఎటు పోవాలో తెలియక, గోడకూ వెండిముఖానికీ మధ్యనున్న సందులోకి చటుక్కున దూరింది. కోతి ఆ వెంటే వెళ్లబోయింది. ఎదురుగా, అప్పుడే తోమిన కోరలు ఎండకు తళతళమంటున్నాయి. అది ఇకిలించిన పళ్లు మూసుకుని, కొబ్బరిచిప్పల ఊసే మరిచి, ఒక్క గెంతున గోడ దాటిపోయింది.

వెండిముఖం వెనకనుంచి కిలకిలా నవ్వు వినబడింది.

"నాన్నా! ఇటుపక్క కోరలు లేవు! చల్లగా ఉంది. నువ్వూ రా!"

గురులింగం కళ్లు చెమ్మగిల్లాయి. సరిగ్గా అప్పుడే వీరాచారి ఆకురాయి పట్టుకుని పెరట్లోకి వచ్చి, "ఎంతమేర అరగదీయమంటారు స్వామీ?" అని అడిగాడు.

బసవమ్మ సందులోంచి తల బయటపెట్టింది. "ముట్టుకున్నావంటే చూడు! అవి నేను తోమాను. రేపు జ్యోతి కూడా నేనే పడతాను."

వీరాచారి తెల్లబోయి రాచయ్యగారి వైపు చూశాడు. ఆయన మిగిలిన చింతపండు పిప్పిని తీరిగ్గా చెట్టు మొదట్లో పారబోసి, చేతులు కడుక్కున్నారు.

"ఆకురాయి సంచిలో పెట్టుకో ఆచారీ. గురులింగం, పదేళ్లుగా ఎదురుగా నిలబడి హారతి ఇస్తున్నావు. పిల్ల పిలుస్తోంది కదా, ఒకసారి అటుపక్కకు వెళ్లి కూర్చో నాయనా."