పోలి పంపిన గులకరాయి

ఇప్పలమెట్ట అడవిలో ఒక ముంగిస, ఒక రాచిలుక, ఒక బావురుపిల్లి, ఒక ఉడుత, ఒక ముళ్లపంది ఉండేవి. జింకలు, కుందేళ్లు, కౌజుపిట్టలు, లెక్కకు అందనన్ని చీమలు సరేసరి. అడవి నడుమ ఒక వాగు పారేది. అందువల్ల ఎవరికైనా సగం చుట్టాలు ఈ గట్టున ఉంటే, సగం చుట్టాలు ఆ గట్టున ఉండేవారు.

చుట్టాలన్నాక కబుర్లు ఉంటాయి. ఆ కబుర్లన్నిటికీ ఒకటే దారి. మెట్ట మీద ఒక ముసలి మద్దిచెట్టు ఉంది. దాని చిటారుకొమ్మన రత్నాంగి అనే రాచిలుక కూర్చునేది. ఎవరికి కబురు పంపాలన్నా ఆ చెట్టు కిందికి వెళ్లి రత్నాంగి చెవిన వేస్తే చాలు. సాయంత్రం అది అడవంతా ఒక చుట్టు తిరిగి, ఎవరి కబురు వాళ్లకు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేది. జింక చెప్పిన మాటను జింక గొంతుతోనే చెప్పేది. ఇంత చేసినా ఎవరినీ ఏమీ అడిగేది కాదు. అందరూ ఆ మద్దిచెట్టును కూతచెట్టు అని పిలుచుకునేవారు.

"నేను ఒక్కరోజు నోరు మూసుకున్నానంటే ఈ అడవికి మూగనోము పట్టినట్టే" అని రత్నాంగి మెడ తిప్పుకుంటూ చెప్పుకునేది. అందులో అబద్ధమేమీ లేదు. కడుపులో చల్ల కదలకుండా పని జరిగిపోతుంటే కాదనేది ఎవరు? కొన్నాళ్లకు సొంతంగా కబురు ఎలా పంపుకోవాలో అందరూ మరిచిపోయారు.

ముంగిస పేరు పోలి. దానికి అన్నీ సందేహాలే. ఇప్పపువ్వు తెల్లవారేటప్పుడే ఎందుకు రాలుతుంది, తేనెటీగ దారి ఎలా కనుక్కుంటుంది అని రోజంతా ఆరా తీస్తూ ఉండేది. "నీకు పామును పట్టడం కన్నా ప్రశ్నను పట్టడమే ఇష్టం" అని దాని అక్క ఈరి వెక్కిరించేది. ఈరి వాగుకు అవతల ఉండేది.

ఆ వేసవిలో పోలి మూడు పిల్లలను ఈనింది. వాటికి ఇంకా కళ్లు తెరిపిడి పడలేదు. పోలి తుమ్మచెట్టు పక్కనున్న పుట్టలో వాటిని పెట్టి, ఒక్క పరుగున కూతచెట్టు దగ్గరికి వెళ్లింది.

"రత్నాంగిగారూ, పిల్లలను తుమ్మచెట్టు పుట్టలో పెట్టానని మా అక్కకు చెప్పండి. తోడుగా రమ్మనండి."

"సాయంత్రానికి చెప్తాలే" అంది రత్నాంగి.

కబురు చేరేది సాయంత్రానికే గనుక ఈరి ఇంకా రాలేదు. ఆ మధ్యాహ్నమే బావురుపిల్లి వచ్చింది. అటూ ఇటూ వెతకలేదు, వాసన చూడలేదు, నేరుగా పుట్ట దగ్గరికే వచ్చి పంజా లోపలికి చాచింది. పోలి ఒళ్లంతా ఉబ్బించి దాని ముక్కు పట్టుకుని కొరికింది. బావురుపిల్లి వెనక్కి తగ్గి వెళ్లిపోయింది. పిల్లలు దక్కాయి.

ఇక అక్కడ ఉండడం మంచిది కాదని, పిల్లలను నోట కరుచుకుని ఒక్కొక్కటిగా వెదురుపొద కిందికి మార్చింది. మర్నాడు పొద్దున మళ్లీ కూతచెట్టుకు వెళ్లి కొత్త చోటు చెప్పింది. ఆ మధ్యాహ్నం బావురుపిల్లి వెదురుపొదకు వచ్చింది. ఈసారి కూడా నేరుగానే వచ్చింది. పోలికి వీపు మీద ఒక గాటు పడింది.

ఇంకొకరైతే తమ తలరాతను తిట్టుకునేవారు. పోలికి మాత్రం భయంతో పాటు సందేహం పుట్టింది. 'దీనికి చోటు ఎలా తెలిసింది? ఒకసారి తెలిసిందంటే ఏదో కాకతాళీయం అనుకోవచ్చు. రెండోసారి ఎలా తెలిసింది? నేను చెప్పింది ఒక్కరికే కదా' అనుకుంది.

సందేహం తీరాలంటే పరీక్ష పెట్టాలి. పోలి పిల్లలను రాళ్లగుట్ట సందులోకి మార్చి, ఈసారి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తర్వాత పలకబండ కింద నివసించే ముళ్లపంది తాత దగ్గరికి వెళ్లింది.

"తాతా, నా పిల్లలు నీ బండ కింద ఉన్నాయని ఒక అబద్ధం చెప్పనా?"

"నాకేం పోయింది? చెప్పుకో. ఎవరైనా వస్తే నేనెలాగూ వీపు తిప్పే పడుకుంటాను" అంది ముళ్లపంది.

పోలి కూతచెట్టు కింద ఆ అబద్ధం చెప్పి, పలకబండ పక్కన గడ్డిలో నక్కి కూర్చుంది. పొద్దు నడినెత్తికి రాకముందే బావురుపిల్లి పలకబండ దగ్గరికి వచ్చి, మూతి నాక్కుంటూ పంజా లోపలికి పెట్టింది. మరుక్షణంలో పంజా నిండా ముళ్లు దిగాయి. తేలు కుట్టిన దొంగలా అది నోరు మెదపకుండా, మూడు కాళ్ల మీద కుంటుకుంటూ మెట్ట ఎక్కింది. పోలి చప్పుడు చేయకుండా దాని వెంట వెళ్లింది.

కూతచెట్టు మొదట్లో పండిన తునికిపండ్ల కొమ్మ ఒకటి పడి ఉంది. రత్నాంగి దాన్ని కాళ్ల కింద అదిమిపట్టి తింటోంది.

"రత్నాంగీ, ముంగిస కబురు ఈసారి తప్పిందే" అంది బావురుపిల్లి.

"నాకు చెప్పిందే నీకు చెప్పాను. రేపు పండ్లు ఇంకాస్త మాగినవి తీసుకురా" అంది రత్నాంగి.

పోలికి ఒళ్లు మండిపోయింది. తన పసికూనల ప్రాణం ఒక తునికిపండు పాటి చేయలేదా? బావురుపిల్లి వెళ్లేదాకా ఆగి, చెట్టు కిందికి వచ్చి నిలదీసింది.

"మా కబుర్లు బావురుపిల్లికి ఎందుకు చెప్తున్నారు?"

"నేనెవరికీ ఏమీ చెప్పను. వచ్చినవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడతాను. రోజంతా మీ కోసం గొంతు చించుకుంటున్నానే, నేనేం తినాలి? గాలి మేయాలా?"

"ఆ మాట ముందే చెప్పి ఉంటే మేమే పండ్లు తెచ్చేవాళ్లం కదా."

సమాధానం లేనివాళ్లకు కోపం తొందరగా వస్తుంది. రత్నాంగి రెక్కలు విదిల్చి, "ఇష్టం లేకపోతే రావద్దు. ఇవాళ్టి నుంచి నీ కబురు నేను మోయను. మీ అక్క కబురూ నీకు చేరదు" అనేసింది.

పోలి దిగులుగా రాళ్లగుట్టకు తిరిగి వచ్చింది. ముంగిస పిల్లలను మార్చాలంటే ఒక్కసారికి ఒక్కటే నోట పడుతుంది. దాన్ని తీసుకెళ్లి వచ్చేదాకా మిగతా పిల్లలకు కాపలా ఉండదు. అందుకే రెండో ముంగిస కావాలి. కానీ అక్కకు ఇప్పటిదాకా వెళ్లిన కబుర్లన్నీ పిల్లలు లేని చోట్లవే. తనే వాగు దాటి అక్కను పిలుచుకురావాలంటే సగం రోజు పడుతుంది. అంతసేపు పిల్లలను వదలడం కుదిరే పని కాదు.

పై కొమ్మ మీద ఉడుత కనిపిస్తే పోలి జరిగిందంతా చెప్పింది. ఉడుత తేలిగ్గా తీసిపారేసింది.

"వింటే విననీ. దాచుకోవడానికి నా దగ్గర ఏముంది?"

"అవునా? నువ్వు గింజలు ఎక్కడ పాతిపెట్టావు?"

"అది నీకెందుకు చెప్పాలి?" అంది ఉడుత. అన్నాక తన మాట తనకే వినిపించింది. దానికి విషయం బోధపడింది.

మర్నాడు పోలి పిల్లల పక్కనే పడుకుని చీమలబారు చూస్తోంది. చూడగా చూడగా దానికి ఒకటి వింతగా తోచింది. ఎదురెదురుగా వచ్చిన ప్రతి రెండు చీమలూ మూతులు ఆనించుకుని మరీ కదులుతున్నాయి. పోలి ఒక పుల్ల తెచ్చి బారుకు అడ్డంగా పెట్టింది. చీమలు కాసేపు గజిబిజి పడ్డాయి. తర్వాత ఒకటి కుడివైపు నుంచి, ఒకటి ఎడమవైపు నుంచి దారి తీశాయి. బారు మళ్లీ కలిసింది.

"మీలో కబుర్లు మోసేది ఎవరు?" అని పోలి ఒక చీమను ఆపి అడిగింది.

"ఎదురైనవాళ్లు" అంది చీమ.

"వాళ్లు దారిలో చచ్చిపోతే?"

"ఇంకొకరు ఎదురవుతారు."

"పక్కపుట్ట చీమలు వింటే?"

"వినడానికేముంది? మాది వాసన. మా పుట్టవాళ్లకే తెలుస్తుంది" అని చీమ తన పని మీద తాను వెళ్లిపోయింది.

పోలి దిగ్గున లేచి కూర్చుంది. వాసన అనగానే చిన్నప్పుడు తన తల్లి చేసిన పని గుర్తొచ్చింది. తల్లి తోక మొదలును రాళ్లకు రుద్దేది. ఒకసారి రుద్దితే 'బాగున్నాం' అని, రెండుసార్లు రుద్దితే 'వెంటనే రా' అని. ఏ చోటి మట్టి అంటిస్తే ఆ చోటికి రమ్మని. పైన ఉండే ముంగిస కంపులో అడుగునున్న మట్టి వాసన మిగతా జంతువులకు అందదు. అది ముంగిస ముక్కుకే అందుతుంది. ఇంత విద్య చేతిలో ఉండగా తాను చిలుక చెట్టు చుట్టూ తిరిగిందా అని పోలికి సిగ్గేసింది.

ముందు ఈ దారి పనిచేస్తుందో లేదో చూద్దామని, పోలి ఒక కుంకుడుకాయకు ఒకసారి వాసన రుద్ది ఉడుతకు ఇచ్చింది. ఉడుత ముక్కు మూసుకుంది.

"ఛీ, ఇదేం కబురు? కంపు తప్ప ఏమీ తెలియడం లేదు."

"తెలియకూడదనే. వాగు మీద కొమ్మలు కలిసిన చోట దాటి, మా అక్క కలుగు ముందు వేసిరా."

రెండు రోజులు గడిచాయి. అక్క నుంచి ఏ జవాబూ రాలేదు. మూడో రోజు ఉడుత తల దించుకుని వచ్చింది. "పోలీ, తప్పు నాదే. కాయ కనిపిస్తే పాతిపెట్టడం మా పుట్టుక. దారిలోనే పాతిపెట్టేశాను. ఎక్కడ పాతానో కూడా గుర్తు రావడం లేదు" అంది.

పోలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈసారి కాయ బదులు ఒక గులకరాయి ఇచ్చింది. రాయిని ఏ ఉడుతా పాతిపెట్టదు. మరుసటి రోజు సాయంత్రానికి ఇంకో రాయి తిరిగి వచ్చింది. దాని మీద ఒక్కసారి రుద్దిన వాసన ఉంది. అక్క బాగుంది. పోలి ఆ రాయిని పిల్లల పక్కన పెట్టుకుని ఆ పూట హాయిగా నిద్రపోయింది.

ఈ సంగతి మెల్లగా అడవిలో పాకింది. కుందేళ్లు నమిలిన ఆకు పంపుకున్నాయి, జింకలు కొమ్ముతో గీరిన బెరడు పంపుకున్నాయి. ఎవరికి వారు తమవాళ్లకే తెలిసే గుర్తు పెట్టుకున్నారు. ఒకరి గుర్తు ఇంకొకరు మోశారు. మోసేవాళ్లకు మూట బరువే తెలుస్తుంది గానీ మూటలో ఏముందో తెలియదు. కూతచెట్టు అంత తొందరగా మాత్రం పని జరిగేది కాదు. ఒక్కోసారి సాయంత్రానికి అందాల్సిన కబురు మర్నాటికి అందేది. పైగా తనకు పని లేని రోజున కూడా ఎదుటివారి రాయి మోయాల్సి వచ్చేది. కొందరు ఇదంతా మనవల్ల కాదని కూతచెట్టుకే వెళ్లేవారు. పండ్లు ఎక్కడ పండాయి, వాన ఎప్పుడొస్తుంది లాంటి మాటలకు అది చాలు. గుట్టుమాటలు మాత్రం ఆ చెట్టు ఎక్కడం ఆగిపోయింది.

కబుర్లు తగ్గేసరికి బావురుపిల్లికి కడుపు మాడింది. చెప్పేవాళ్లు లేక అది సొంతంగా వెతకడం మొదలుపెట్టింది. ఒక ఉదయం దాని అడుగుల జాడ రాళ్లగుట్టకు ఇరవై బారల దూరంలో పోలికి కనిపించింది. అడుగులు గుట్ట వైపే తిరిగి ఉన్నాయి. ఇంకొక్క రోజు ఆగితే పిల్లలు దక్కవు.

పోలి రెండు రాళ్లు తీసింది. రెండింటికీ రెండుసార్లు వాసన రుద్ది, గుట్టమట్టి అంటించింది. ఒకటి ఉడుతకు ఇచ్చింది. ఇంకొకటి ముళ్లపంది తాతకు ఇచ్చింది.

"రెండెందుకు?" అంది ముళ్లపంది.

"చీమలు రెండువైపుల నుంచి వెళ్లాయి తాతా."

ఉడుత కొమ్మల దారిన బయల్దేరింది. కలిసిన కొమ్మల దగ్గర బావురుపిల్లి పొంచి ఉంది. అది ఎగిరి దూకేసరికి ఉడుత రాయిని వదిలేసి ప్రాణం దక్కించుకుంది. రాయి వాగులో పడింది. ముళ్లపంది మాత్రం నీళ్లు పలచగా ఉన్న చోట నింపాదిగా వాగు దాటింది. దారిలో ఎదురుపడ్డ ఏ జంతువూ దాని జోలికి రాలేదు. పొద్దు తిరిగేసరికి రాయి ఈరి ముందు పడింది.

ఈరి వాసన చూసిందో లేదో పరుగు తీసింది. పోలి రాత్రంతా ఒక్కొక్క పిల్లను వాగు అవతల అక్క కలుగుకు మోసింది, ఈరి గుట్ట దగ్గర కాపలా కాసింది. ఆఖరి పిల్లను ఈరే నోట పట్టుకుని చెల్లెలి వెంట వాగు దాటింది. ఆ గట్టున మూడింటినీ నాకి చూసుకున్నాక, పోలికి అప్పుడు ఏడుపు వచ్చింది. ఈరి దాని పక్కన కూర్చుంది.

బావురుపిల్లికి గుట్టలో ఖాళీ సందు మిగిలింది. అది ఆకలితో కూతచెట్టు దగ్గరికి వెళ్లింది.

"ఇవాళ కబుర్లేమున్నాయి?"

"గుట్టుమాటలు చెప్పేవాళ్లెవరూ రావడం లేదు" అంది రత్నాంగి. "పండ్లేవి?"

"కబుర్లే లేనప్పుడు పండ్లెందుకు? నువ్వున్నావు కదా" అంటూ బావురుపిల్లి చెట్టెక్కి పంజా విసిరింది. రత్నాంగి ప్రాణంతో బయటపడింది గానీ, అందమైన పొడుగుతోక ఈకలన్నీ పిల్లి గోళ్లలోనే ఉండిపోయాయి.

నాలుగు రోజుల తర్వాత మొండితోకతో రత్నాంగి వాగు అవతలికి వచ్చింది. పోలి పిల్లలకు అప్పుడే కళ్లు తెరుచుకున్నాయి. రత్నాంగి వాటికేసి చూసి, చూపు తిప్పుకుంది.

"పోలీ, నాకు ఆ చెట్టు వద్దు. నేనూ రాళ్లు మోస్తాను. నామీద నమ్మకం ఉంటే ఒకటి ఇవ్వు."

పోలి దాన్ని ఎగాదిగా చూసింది. క్షమించడానికి మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. అయినా ఒక గులకరాయి తీసి వాసన రుద్ది ముందు పెట్టింది.

"తీసుకోండి. నమ్మకం ఉందో లేదో నాకే తెలియదు. ఈ రాయి మోయడానికి ఆ నమ్మకంతో పనిలేదు."

రత్నాంగి ఏదో చెప్పబోయింది. అప్పటికే ముక్కున రాయి ఉండడంతో మాట పెగల్లేదు. అది తల వంచుకుని, నోరు మూసుకుని, వాగు మీదుగా ఎగిరిపోయింది.

నీతి: అందరి గుట్టూ ఒక్క నోటికి అప్పగించకూడదు. మనవాళ్లకే తెలిసే ముడి వేసి, పదిమంది ఇరుగుపొరుగు మీదుగా పంపుకున్న మాట క్షేమంగా చేరుతుంది.