చీకటి టీవీకి టార్చిలైటు

భీమలింగప్ప గురువుకు ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. "పోయి ఆ టీవీ తుడిచిరా" అనేవాడు. పొడి మెత్తటి గుడ్డతో, నీటిచుక్క తగలకుండా, ఎక్కడా గట్టిగా నొక్కకుండా అంత పెద్ద తెరనూ తుడిచి ముగించేసరికి, సగంమందికి తమ ప్రశ్నకు జవాబు తమకే తోచేది. తక్కిన సగంమందికే ఆయన నోరు విప్పాల్సి వచ్చేది.

తోలుబొమ్మలాట గురువు ఇంట్లో గోడంత టీవీ ఏమిటని ఊళ్ళో నవ్వేవాళ్ళు లేకపోలేదు. ఆయన దాన్ని సీరియళ్ళ కోసం పెట్టుకోలేదు. బొమ్మలాడించేవాడు జన్మంతా తెర వెనకే ఉంటాడు. తన ఆట ముందునుంచి ఎలా ఉంటుందో ఊరందరికీ తెలుస్తుంది గాని వాడికి తెలియదు. అందుకని ఆయన ప్రతి ఆటనూ ముందునుంచి వీడియో తీయించి, మర్నాడు శిష్యులను చాపల మీద కూర్చోబెట్టి చూపించేవాడు. చిన్న టీవీలో బొమ్మ వేలు వంకరపోవడం కనపడదని కావాలనే పెద్దది ఏరుకున్నాడు. ఉరుము వినపడితే ముందు దాని ప్లగ్గు పీకి, ఆ తర్వాతే దండెం మీది పంచె తెచ్చుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఓబులేసు వచ్చాడు. గురువు తర్వాత జట్టును నడిపేది అతనే. చాప మీద కూర్చోకుండానే అడిగేశాడు.

"పెద్దయ్యా, మనిషి పనికిరాకుండా పోయినాక ఇంకా ఎన్నాళ్ళని ఓర్చుకోవల్ల?"

ఆ మనిషి ఎవరని గురువు అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఓబులేసు బొమ్మ పట్టుకుంటే రంగప్ప పాట అందుకోవడం చిన్నప్పటినుంచీ సాగుతున్నదే. కిందటేడు రంగప్ప పెళ్ళాం నర్సమ్మ చనిపోయింది. అప్పటినుంచి అతను ఆటకు వస్తాడు, తాళం పడతాడు, పాటలో మాటలన్నీ వరసగా అంటాడు, కాని అందులో పాట ఉండదు. మొన్నటి ఆటలో ఆ మాటలు కూడా నడిమధ్య ఆగిపోయాయి. ఎగరాల్సిన హనుమంతుడు గాల్లో వేలాడుతూ నిలబడ్డాడు, పిల్లలు ఈలలు వేశారు. ఇప్పుడు జిల్లా ఉత్సవాల్లో ఆట ఉంది. అనంతపురంలో ఒక కొత్త గాయకుడు దొరికాడు, గొంతు విప్పితే చెవులు గింగురుమంటాయి. ఎవరు పాడేదీ ఉత్సవాలవాళ్ళకు రేపటిలోగా చెప్పాలి. ఈ ఒక్కసారికైనా పక్కన పెడితే రంగప్ప మళ్ళీ జట్టులోకి రాడని ఓబులేసుకు తెలుసు. జట్టు కూడా పోతే అతనికి మిగిలేదేమీ లేదనీ తెలుసు. అది తెలియడమే అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

"టీవీ తుడిచిరా" అన్నాడు గురువు.

"తుడిచేదానికి అది బతికుంటే కదా పెద్దయ్యా! నిన్నటినుంచి అంతా నలుపే."

అదీ నిజమే. ముందురోజు ఉన్నట్టుండి తెర నల్లబడిపోయింది. శిష్యులంతా చుట్టూ చేరి, తలా ఒక దెబ్బ వేసి, పాణం పోయిందని తేల్చేశారు. ఓబులేసు టౌనుకు పోయి ఇంతకన్నా పెద్ద టీవీ ఒకటి చూసి కూడా వచ్చాడు.

"ఇది పాత సామాన్లకు ఏసేద్దాం. అంగట్లో ఆ కొత్తదాన్ని చూడల్ల పెద్దయ్యా! దాంట్లో చిలకలు, జలపాతాలు... ఆ రంగులకు కండ్లు చెదిరిపోతాయి."

"మనం చిలకల్ని ఆడించం కదప్పా. మన ఆట ఏసి చూపించినారా దాంట్లో?"

ఓబులేసు అది అడగనే లేదు. గురువు లేచి కిటికీలు మూసి, పాత ఆట ఉన్న పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాడు. నల్లటి తెర నల్లగానే ఉంది. కాని గదిలోకి పాట వచ్చింది. అశోకవనంలో హనుమంతుడు సీతమ్మకు ఉంగరం ఇచ్చే ఘట్టం. పాడుతున్నది రంగప్ప, నర్సమ్మ ఉన్నప్పటి రంగప్ప. ఆ గొంతు వినగానే ఓబులేసు అక్కడ ఉండలేకపోయాడు. బయటికి పోదామని గడప దాకా వెళ్ళాడు.

"ఆగు. ఇది ఏసి చూడు" అని గురువు టార్చిలైటు చేతికిచ్చాడు.

ఓబులేసు గడప దగ్గరే నిలబడి తెరమీదికి వెలుగు కొట్టాడు.

"ఏం కనపడె?"

"ఏముంది, నా మొగమే."

"దగ్గరికి పో. ఎదురుగా కొట్టొద్దు, పక్కనుంచి వాల్చి పట్టు."

ఓబులేసు మోకాళ్ళమీద కూర్చుని, తెరకు చెంప ఆనేంత దగ్గరగా జరిగి టార్చి వాల్చాడు. ముందు ఏమీ లేదు. తర్వాత, పాత గోడమీద చెరిగిపోయిన రంగులాగా, ఒక చెయ్యి కనిపించింది. చేతిలో ఉంగరం. టార్చి కొంచెం జరిపితే సీతమ్మ ముఖం. పాటకు తగ్గట్టుగా బొమ్మలు అటూ ఇటూ కదులుతూనే ఉన్నాయి, పైకి ఎవరికీ కనపడకపోయినా.

"బొమ్మ ఉండాది పెద్దయ్యా!"

"యాడికి పోతాది? ఎనక దీపం పోయింది, అంతే. మెకానిక్కును పిలిపిస్తే ఎనకాల లైట్ల పట్టీలు మార్చిపోతాడు."

తాతల కాలంనుంచీ తెర వెనక దీపం పెట్టుకుని బతికినవాళ్ళు ఈ తెర వెనకా ఒక దీపం ఉంటుందని తలచకపోవడం నవ్వుకోవాల్సిన సంగతే. ఓబులేసుకు మాత్రం నవ్వు రాలేదు. జేబులో ఫోను మోగింది. అనంతపురం గాయకుడు. ఓబులేసు ఫోను ఆపేసి, పాట చివరిదాకా టార్చి పట్టుకునే కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా, గురువు చూస్తున్నాడని తెలిసే.

పాట అయిపోయాక గురువు కిటికీలు తెరిచాడు.

"నర్సమ్మ పోయినాక రంగప్ప ఇంటికి పోయినావా?"

"పోకుండా ఉంటానా పెద్దయ్యా! ఆ పక్కకు పోయినప్పుడల్లా గడప కాడ నిలబడి పలకరించే వస్తాండా."

గురువు అతని చేతిలోంచి టార్చి తీసుకుని ఆర్పాడు.

"గడప కాడ నిలబడితే ఏం కనపడుతుందో ఇప్పుడే చెప్తివి కదప్పా ఓబులేసూ."