దివానుగారికి ఏ రంగు?

పూర్వం ఒక రాజ్యంలో బంగారయ్య అని దివిటీలు పట్టేవాడు ఒకడుండేవాడు. వీధినాటకంలో వేషం వచ్చినప్పుడల్లా దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లి భగ్గుమని మంట లేపేవాడు. గుగ్గిలమంటే సాంబ్రాణికి అన్నగారు. పొగా వస్తుంది, తుమ్ములూ వస్తాయి, అది వేరే సంగతి. వేషం మీద రంగు వెలుగు పడేలా ఆ మంట ముందు పాత పట్టుచీర ముక్క అడ్డం పట్టేవాడు. దేవతలకు పసుపు, రాజులకు ఆకుపచ్చ, రాక్షసులకు ఎరుపు.

ఒకసారి రాజుగారు చూస్తున్న నాటకానికి దివానుగారు ఆలస్యంగా వచ్చి, బంగారయ్య మీద విరుచుకుపడ్డారు.

“ఏరా, రావణుడికి లేచిన మంట నాకు లేవదేం? లేపుతావా, నీ మాన్యం లాక్కోమంటావా?”

ఆ కాస్త మాన్యం భూమే బంగారయ్య ఇంటిల్లిపాదికీ కూడు.

“చిత్తం, లేపుతాను బాబూ. ఏ గుడ్డ పట్టమంటారో సెలవియ్యండి. పసుపు పడితే దేవుడికి కోపం. ఆకుపచ్చ పడితే, అదుగో, రాజుగారు చూస్తున్నారు. ఇక మిగిలింది ఎరుపు.”

రాజుగారు మీసం దువ్వుకుంటూ ఇటే చూస్తున్నారు.

“మరి నాటకం చూడ్డానికి వచ్చినవాళ్లకి ఏం పడతావురా?” అన్నారు దివానుగారు, గొంతు తగ్గించి.

“వాళ్లకి చీకటేనండి. హాయిగా కూర్చుంటారు.”

దివానుగారు చీకట్లోకి నడిచి చాప మీద చోటు వెతుక్కున్నారు. కాసేపటికి అటునుంచి పెద్ద తుమ్ము ఒకటి వినిపించింది. మాన్యం మాట మాత్రం మళ్లీ వినిపించలేదు.